రద్దీ లెక్కలో మన ఊళ్లూ ఉండాలి

ఊరికి ఫైబర్ వస్తే ఇంటర్‌నెట్ కష్టాలు తీరినట్టేనని అనుకుంటాం. కాని తీగ ఒక్కటే చాలదు. తీగలు కలిసే చోట రౌటర్ ఉంటుంది. వచ్చిన ప్రతి సమాచార ప్యాకెట్టు ఎటు వెళ్లాలో తేల్చేది అదే. రద్దీ దాని శక్తిని మించితే ప్యాకెట్లు వరుసలో నిలుస్తాయి, వరుస నిండితే రాలిపోతాయి. అందుకే రాత్రి ఎనిమిదింటికి మెసేజ్ ఆలస్యంగానైనా చేరుతుంది గాని వీడియో పాఠం ముక్కలవుతుంది.

రద్దీ ఎంత త్వరగా పెరుగుతుందో 2020 మార్చిలో చూశాం. లాక్‌డౌన్ మొదలవగానే, మొబైల్ నెట్‌వర్కులపై భారం తగ్గించడానికి వీడియో సంస్థలు దృశ్య నాణ్యతను తగ్గించాల్సి వచ్చింది.

పాత రౌటర్లు మార్చాలంటే ఖర్చు. కాబట్టి వాడకం ఎక్కువగా కనిపించే చోటనే సంస్థలు ముందు మారుస్తాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. నెట్ సరిగా రాని చోట జనం వాడటం మానేస్తారు. వాడకం లేదు గనుక అక్కడ అవసరమే లేదని లెక్క తేలుతుంది. కుళాయి రాని వీధిలో మీటరు తిరగలేదు గనుక ఆ వీధికి దాహం లేదన్నట్టు! రాయగడ, సిరొంచ, హోసూరు వైపు పల్లెల్లోని మనవాళ్లకు తెలుగు పాఠం, తెలుగు ఆరాధన, దూరాన పనికి వెళ్లిన బిడ్డ మాట అన్నీ ఆ నెట్ మీదే రావాలి.

లాభం లేనిచోట సంస్థలు ఎందుకు పెట్టుబడి పెడతాయని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ప్రభుత్వం టెలికాం సంస్థల ఆదాయం నుంచి వాటా తీసుకుని, వెనుకబడిన ప్రాంతాల కోసం నిధి నడుపుతోంది. దాని పేరు ఇప్పుడు డిజిటల్ భారత్ నిధి. ఆ ఆదాయం మన రీచార్జిల నుంచి వచ్చిందే. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ పథకం విలువ 1,39,579 కోట్ల రూపాయలు. బ్లాకుల్లోనూ గ్రామ పంచాయతీల్లోనూ రౌటర్లు పెట్టాలని, ఒకవైపు తీగ తెగినా మరోవైపు నుంచి నెట్ అందేలా వలయంగా కలపాలని అందులో ఉంది. ఇంటర్‌నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019లోనే చెప్పింది. కాబట్టి మనం అడిగేది దయ కాదు, హక్కు.

యవనస్థులారా, రద్దీ వేళ వారం రోజులు ట్రాయ్ మైస్పీడ్ యాప్‌తో వేగం కొలిచి రాసి పెట్టండి. సంస్థకు ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తీసుకోండి. పరిష్కారం కాకపోతే అదే సంస్థలోని అప్పీలు విభాగానికి వెళ్లండి. పంచాయతీలో భారత్‌నెట్ రౌటర్ పెట్టారా, పెడితే పనిచేస్తోందా అని గ్రామసభలో అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది.

ఇది మన సంఘం కోసమే అడగవద్దు. గుడికి వెళ్లేవారికీ మసీదుకు వెళ్లేవారికీ అదే రౌటర్. పొరుగువాని కోసం కూడా అడిగినప్పుడే మన విశ్వాసం ఊరికి అర్థమవుతుంది.