కందముక్క మూలలు



గతమాసమున మా పెద్దమ్మాయి బడినుండి కంటతడితో వచ్చినది. పటములోని సమఘనమునకు అంచులు 9 అని వ్రాసినదట. కనబడిన గీతలనే లెక్కించినది, పాపము! "ఆడపిల్లకు లెక్కలేల, ఊరకుండు" మని యోదార్చితిమి. మాట జారిన వెంటనే సిగ్గుపడితిమి. మేము కావ్యములు చదివియు క్షేత్రగణిత మెరుగకపోవుటకు కారణ మామాటయే కదా!

మరునాడు కంద తరుగుచు నొక ముక్కను సమఘనముగ కోసి యిచ్చితిమి. చేత త్రిప్పగా పటమున దాగిన మూడంచులును, వెనుకమూలయు దొరకినవి. మొగములు 6, అంచులు 12, మూలలు 8.

పిమ్మట నొకమూలను కొంచెము చెక్కితిమి. ఇక మూలలు ఏడని మేమంటిమి. అమ్మాయి లెక్కించి పది యన్నది! పోయిన దొకటి, వచ్చినవి మూడు. అంచులు 15, మొగములు 7.

మావారు వినుచుండి, "మూలలను మొగములను కలిపి అంచులను తీసివేయుడు" అనిరి. రెండుమారులును రెండే మిగిలినది. గుంటలు, తూట్లు లేని చదునుమొగముల ఘనముల కన్నిటికి నింతేయట. ఆయిలరు పండితుడు 1750లో మిత్రుడు గోల్డ్‌బాకునకు దీనిని లేఖలో తెలిపెనట. చింతపండునీట కడిగినను మాచేతి దురద మాత్రము పోలేదు.

మొగములు మాత్రమే యెంచిన చాలదు. చదరపు అడుగుగల పిరమిడునకును, ముక్కోణపు పట్టకమునకును మొగములు అయిదే. మొదటిదానికి అంచులు 8, రెండవదానికి 9.

నిన్న అమ్మాయి మాకన్నులు మూయించి ముక్కనొకదానిని చేతనుంచినది. మొగములు అయిదని తెలిసినది. అంచులు తడుముచు రెండుమారులు తప్పితిమి. అది పకపక నవ్వినది.