మే నెలలో చల్లని చమురు

తాండూరు నుంచి ఒక పెద్దమనిషి వుత్తరం రాశారు. వారబ్బాయి ఈమధ్య స్పోర్ట్సు కారు కొన్నాడట. పొద్దున్నే తాళం తిప్పడం, వూరు దాటకుండానే యింజను చేత కేకలు పెట్టించడం. "కాస్త వేడెక్కనివ్వరా" అని తండ్రి అంటే, "మే నెలలో మన తాండూర్లో చల్లగా వున్నదేదో చూపించు నాన్నా!" అంటాడట కొడుకు. యిద్దరిలో ఒప్పెవరిదో తేల్చమని ప్రశ్న.

తండ్రిగారిదే ఒప్పు. కాని కుర్రవాడి మాట వట్టి పెంకెతనమని కొట్టిపారేయడానికి వీల్లేదు. నలభై రెండు డిగ్రీల యెండలో నిలబడ్డవాడికి యేదైనా చల్లగా వుందంటే నమ్మకం యెలా కుదురుతుంది? చిక్కేమిటంటే, చమురుకి వేడీ చల్లనా మన వొంటి లెక్కన వుండవు.

ఇల్లాళ్లకిది నేను చెప్పాలా? తలంటు రోజున ఆముదం గిన్నె పొయ్యిమీద పెట్టేది యెందుకు? చల్లగా వుంటే సాగుతూ, చేతికి అంటుకుపోయే ఆముదం, సెగ తగలగానే పలచబడి కుదుళ్లలోకి జారిపోతుంది. ఈ జిగటదనాన్నే శాస్త్రజ్ఞులు స్నిగ్ధత అంటారు. దాన్ని సెంటిస్టోక్సు అనే కొలతతో లెక్కకడతారు. స్పోర్ట్సు కార్లలో తరచు పోసే 5డబ్ల్యు-40 రకం చమురు నూరు డిగ్రీల వేడిలో సుమారు పద్నాలుగు సెంటిస్టోక్సు వుంటుంది. యింజను కోరేది ఆ పలచదనమే. అదే చమురు నలభై డిగ్రీల దగ్గర యెనభై పైచిలుకు. అంటే తాండూరు మే నెల యెండలో సైతం అది వుండవలసినదానికి ఆరు రెట్లు చిక్కగా వుందన్నమాట! యిక డిసెంబరులో వికారాబాదు పొద్దుటిపూట సంగతి అడగనే అక్కర్లేదు. యిరవై డిగ్రీలకే అది రెండువందలు దాటుతుంది.

ఆముదం మాట యెలాగూ వచ్చింది గనక ఒక ముచ్చట. పందెపు కార్లకీ, మొదటి ప్రపంచ యుద్ధపు విమానాలకీ ఆ రోజుల్లో పోసింది ఈ ఆముదమే. 1909లో వేక్‌ఫీల్డు అనే ఇంగ్లీషు వ్యాపారి తన కొత్త చమురుకి పెట్టిన 'కాస్ట్రాల్' పేరు, ఆముదానికి ఇంగ్లీషులో వున్న 'కాస్టర్' అన్న మాటలోంచి పుట్టినదే. యింజను కక్కిన ఆముదపు పొగ మింగి పైలట్లు పడ్డ కడుపు బాధలగురించి కథలు కథలుగా చెప్పుకునేవారట. మన పాలమూరు, నల్లగొండ చేలల్లో ఆముదాలు పండించిన రైతుకి ఆ సంగతి తెలిస్తే యెంత నవ్వుకునేవాడో!

డబ్బామీద అంకెలు చూసి చాలామంది తికమక పడతారు. 5 అంటే అయిదు డిగ్రీలూ కాదు, 40 అంటే నలభై డిగ్రీలూ కాదు. డబ్ల్యు అంటే చలికాలం. దాని ముందున్న అంకె యెంత చిన్నదైతే, గడ్డకట్టే చలిలో చమురు అంత సులువుగా కదులుతుంది. వెనకనున్నది నూరు డిగ్రీల వేడిలో దాని చిక్కదనాన్ని సూచించే తరగతి.

యిక అసలు ప్రాణం మీదికి వచ్చేది యెక్కడో చూడండి. క్రాంకుషాఫ్టు బేరింగులో తిరుగుతుందంటాం గాని, నిజానికి అది బేరింగుని తాకకూడదు. రెంటి మధ్యా వుండే సందు తలవెంట్రుక మందం కూడా వుండదు. ఆ సందులో పరుచుకున్న చమురు పొరమీద షాఫ్టు తేలుతూ తిరగాలి. చమురు మరీ చిక్కగా వుంటే చేరవలసిన మూలలకి తడవకి చేరదు. మరీ పలచబడితే పొర తెగి, లోహం లోహాన్ని రాసుకుంటుంది. ఆ తరవాత వచ్చే బిల్లు లక్షల్లోనే వుంటుంది.

అనంతగిరి దారిలో ఈ రెండు ప్రమాదాలూ వున్నాయి, చెరొక కొసనా ఒకటి. వికారాబాదులో బయలుదేరినవాడికి అయిదారు కిలోమీటర్లలోనే కొండ వచ్చేస్తుంది. అప్పటికి నీళ్ల వేడి చూపే ముల్లు హాయిగా నడిమికి చేరి వుంటుంది, "సిద్ధం" అన్నట్టు. దాన్ని నమ్మకండి. నీళ్లు త్వరగా కాగుతాయి. చమురు వెనకబడి పది పదిహేను నిమిషాల పరుగు తరవాత గాని దారికి రాదు. పైగా నేటి కార్లలో చాలావాటికి ఆ ముల్లు, నీళ్ల వేడి అటూయిటూ యిరవై డిగ్రీలు మారినా కదలకుండా వుండేటట్టు అమర్చి వుంటుంది. ఇక యెర్రదీపం సంగతా? అది చమురు పీడనం దాదాపు అడుగంటాక వెలిగేది. దొంగలు పోయాక కుక్క మొరిగినట్టు!

తాండూరు నుంచి వచ్చేవాడి కథ వేరు. ఘాటు అందేసరికి ముప్ఫయి కిలోమీటర్ల దాకా నడిచి చమురు చక్కగా కాగి వుంటుంది. అప్పుడు యెండలో, యెగువ దారిలో, తక్కువ గేరులో యింజనుని వుతికితే చమురు నూటయిరవై, నూటముప్ఫయి డిగ్రీలకి పోవచ్చు. నూటముప్ఫయి దగ్గర మన పద్నాలుగు కాస్తా యెనిమిదికి దిగుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా చమురు చెడిపోయే వేగం యించుమించు రెట్టింపవుతుందని లెక్క. నాపరాళ్ల లారీలు బరువుతో దిగే ఆ వంపుల్లో పందేలేమిటని నాకూ వుంది, కాని అడిగింది యింజను సంగతి గనక దానికే జవాబు చెబుతున్నాను.

అందుకే స్పోర్ట్సు కార్లు చేసేవారు చమురు వేడికి వేరే కొలముల్లు పెడతారు. 1964 నుంచి 1998 దాకా పోర్షే 911 యింజనులో నీళ్లే లేవు. చల్లబరిచేవి గాలీ చమురే, అంచేత ఆ ముల్లే దానికి నాడి. 2000లో వచ్చిన బిఎండబ్ల్యూ ఎం-3 లో మరో చమత్కారం వుంది. చమురు చల్లగా వున్నంతసేపూ చుట్ల ముల్లు చుట్టూ దీపాలు వెలిగి "యింతకు మించి తిప్పకు" అంటాయి. వేడెక్కేకొద్దీ ఒక్కొక్కటే ఆరిపోతాయి. మీవాడి కారులోనూ యెక్కడో తెర వెనక ఆ అంకె దాగి వుండే వుంటుంది, పుస్తకం తీసి వెతకమనండి. అది యెనభై దాటేదాకా చుట్లు మూడువేలకు మించనివ్వకుండా మెల్లగా నడపమనండి. నిలబెట్టి అరగంట తిప్పడం మాత్రం వద్దు. దానివల్ల పెట్రోలు చమురులో కలిసి దాన్ని యింకా పలచన చేస్తుంది.

"మనది యెండల దేశం గదా, చిక్కని చమురు పోస్తే పోలేదూ?" అని మెకానిక్కులు సలహా యిస్తారు. అంబాసిడరుకి అది చెల్లింది. సన్నని సందులున్న కొత్త యింజనుకి 20డబ్ల్యు-50 పోస్తే పొద్దున్న అది బేరింగులు చేరడానికే ఆలస్యం, ఆపైన తన రాపిడికి తానే వేడెక్కుతుంది. కంపెనీ పుస్తకంలో వేడి ప్రాంతాలకి యే రకం వొప్పుకున్నారో అదే పొయ్యండి.

ఒక్క సంగతి మరిచాను. కొండెక్కి, టీ దుకాణం కనపడగానే తాళం తిప్పి దిగిపోతారు కుర్రాళ్లు. టర్బో వున్న కారైతే ఆ యెర్రని వేడిలో కదలక నిలిచిన చమురు మాడి బొగ్గవుతుంది. కొత్త కార్లలో ఆపాక కూడా దాన్ని చల్లబరిచే యేర్పాట్లున్నాయి గాని, చివరి రెండు కిలోమీటర్లూ నెమ్మదిగా వచ్చి, ఒక నిమిషం ఆగి ఆపితే టీ యేమీ చల్లారిపోదు.