మన కృష్ణ ఒడ్డున మూడు మ్యూజియంలు

ఆదివారం ఖాళీ దొరికితే మనవాళ్లు వెళ్లే చోట్లు లెక్కపెట్టి మూడు. మాల్, సినిమా, బిర్యానీ. ఒక్కోసారి ఆ మూడూ ఒకే బిల్డింగ్‌లో అయిపోతాయి. మ్యూజియం అనగానే మాత్రం ‘స్కూల్లో ఉన్నప్పుడు తీసుకెళ్లారుగా, మళ్లీ ఎందుకు?’ అంటారు. అప్పుడు ఏం చూశారో చెప్పమంటే ఒక్కటీ గుర్తుండదు. బస్సులో పాడిన పాటలు, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర మాత్రం గుర్తుంటాయి.

మాది గుంటూరు వైపు. హైదరాబాద్‌లో ఉండే ఫ్రెండ్స్ ‘మీ వైపు వస్తే చూడ్డానికి ఏముంది?’ అని అడుగుతుంటారు. గుళ్లు, బీచ్‌లు అందరూ చెప్తారు కాబట్టి నేను మూడు మ్యూజియంల పేర్లు చెప్తాను. మూడూ కృష్ణ వెంబడే ఉన్నాయి. ఒకదాంట్లో వెళ్లిపోగా మిగిలిన రాళ్లున్నాయి. రెండోదాంట్లో నీళ్లలో మునగబోతుంటే పైకి తెచ్చుకున్న రాళ్లున్నాయి. మూడోదానికి భవనమే ఒక కథ.

ముందు ఓ చిన్న సలహా. మ్యూజియంలో ఉన్నవన్నీ చూసెయ్యాలని పరిగెత్తకండి. అలా చూస్తే అరగంటకే కాళ్లు పీకుతాయి, బుర్ర మొద్దుబారుతుంది. ఓ ఐదారు వస్తువులు ఎంచుకోండి, చాలు. వాటి ముందు నిలబడి ఒక్క ప్రశ్న వేసుకోండి: ‘ఇది ఇక్కడికి ఎలా వచ్చింది?’ ఏ కాలానిదో, ఏ రాయో పక్కన పలక మీద రాసుంటుంది. ఎలా వచ్చిందన్నది చాలాసార్లు రాసుండదు. అసలు కథ దాంట్లోనే ఉంటుంది.

అమరావతి: మిగిలినవి

గుంటూరు నుంచి 30 కిలోమీటర్ల పైచిలుకు. ఆర్టీసీ బస్సు ఎక్కితే చాలు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది అమరేశ్వరుడి దర్శనం చేసుకుని, 125 అడుగుల ధ్యానబుద్ధుడి దగ్గర సెల్ఫీ దిగి వెనక్కి తిరుగుతారు. అదే ఊళ్లో ఉన్న పురావస్తు శాఖ మ్యూజియం, దాని సంగతి తెలిసినవాళ్లకే అన్నట్టు నిశ్శబ్దంగా ఉంటుంది.

లోపల ముందు చూడాల్సింది మహాస్తూపం నమూనా. ఇప్పుడు స్తూపం ఉన్న చోటికెళ్తే కనిపించేది గడ్డి మొలిచిన గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్లు. ఒకప్పుడు అది ఎలా ఉండేదో నమూనా చూస్తేగానీ ఊహకి అందదు. కాబట్టి ముందు మ్యూజియం, తర్వాత స్తూపం. ఈ వరస మార్చకండి.

ఆ దిబ్బని ఊరివాళ్లు దీపాలదిన్నె అనేవారు. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇక్కడ కొత్త పట్నం కట్టించేటప్పుడు రాళ్ల కోసం ఆ దిబ్బని తవ్వారు. బొమ్మలు చెక్కిన పలకలు బయటపడ్డాయి. ఆ సంగతి విని కోలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చి శిల్పాలన్నిటికీ చిత్రాలు గీయించడం మొదలుపెట్టాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి కొన్ని పలకల్ని మద్రాసు పంపించాడు. అవి అక్కడ చాలాకాలం ఆరుబయట ఎండకి ఎండి వానకి తడిశాయి. 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. ఈరోజు బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు 120కి పైగా ఉన్నాయి. చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలోనూ ఓ పెద్ద భాగం ఉంది. మన ఊళ్లో ఉన్నది అవన్నీ పోగా మిగిలింది, ఆ తర్వాత తవ్వకాల్లో దొరికింది.

మా అక్క కొడుకు లండన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. ఓ రోజు రాత్రి వీడియో కాల్ చేశాడు. ‘మావయ్యా, ఇది చూడు! మన అమరావతే! ఇక్కడ దీనికోసమే ఓ గది కట్టి అద్దాల వెనక పెట్టారు’ అని ఫోన్ అటూ ఇటూ తిప్పి చూపించాడు. వాడి గొంతులో సంబరం, కోపం రెండూ ఉన్నాయి.

‘గుంటూర్లో నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివావు కదరా, అమరావతి ఎప్పుడైనా వెళ్లావా?’ అన్నాను.

‘గుడికి వెళ్లాను మావయ్యా.’

వాడిని తప్పుపట్టాలని చెప్పట్లేదు. మన దగ్గర చాలామంది అంతే. ఆ రాళ్లు మనకి తిరిగి రావాలని నేనూ కోరుకుంటాను. అడిగే హక్కు మనకుంది. కానీ ఇక్కడ ఉన్నవాటిని చూడ్డానికి మనమే రాకపోతే ఆ అడగడానికి బలం ఎక్కణ్నుంచి వస్తుంది?

అమరావతి శిల్పాల్లో మళ్లీ మళ్లీ కనిపించే బొమ్మ ఒకటుంది. పూర్ణఘటం. నిండు కుండలోంచి పూలు పైకి లేస్తున్నట్టు ఉంటుంది. ఎక్కడో చూసినట్టుందే అనిపిస్తుంది. అనిపించాలి మరి. ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉన్నది అదే. అమరావతిలో దొరికిన ఒక శాసనం ప్రకారం, అలాంటి పూర్ణఘటం పలకని స్తూపానికి ఇచ్చినవాడు రాజు కాదు, మంత్రి కాదు. విధికుడు అనే తోలు పనివాడు. తల్లినీ భార్యనీ అన్నదమ్ముల్నీ పిల్లల్నీ కలుపుకుని, అందరి తరఫునా ఇచ్చాడు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట తోలు పని చేసుకునే ఒక కుటుంబం ఏ బొమ్మని చెక్కించిందో, అదే బొమ్మ ఇవాళ మన ప్రభుత్వ కాగితాల మీద ఉంది. ఇంకొకటి. తొలి తెలుగు మాటగా పండితులు చెప్పే ‘నాగబు’ కూడా అమరావతి రాతి పలక మీద దొరికిందే. ఇవి తెలిసి వెళ్తే ఆ రాళ్లు ఇంకోలా కనిపిస్తాయి.

అన్నట్టు, వీటిని అమరావతి పాలరాయి అంటారుగానీ అది పాలరాయి కాదు. పల్నాటి సున్నపురాయి. దగ్గరికెళ్లి చూస్తే లేత ఆకుపచ్చ ఛాయ కనిపిస్తుంది.

నాగార్జునకొండ: ఒడ్డెక్కినవి

ఇక్కడ మ్యూజియం నీళ్ల మధ్య ఉంది. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కితే సుమారు గంట ప్రయాణం. మాచర్ల మీదుగా రావచ్చు. హైదరాబాద్ వాళ్లకైతే సాగర్ దాకా 150 కిలోమీటర్లు.

లాంచీలో కూర్చుని చిప్స్ తింటూ వీడియోలు తీసుకుంటాం కదా. అప్పుడు మన కింద ఒక రాజధాని ఉంటుంది. పేరు విజయపురి. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజులు అక్కణ్నుంచే పాలించారు. 1926లో ఆ లోయలో శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. డ్యామ్ పూర్తయితే లోయ మొత్తం మునుగుతుంది. అంటే పురావస్తు శాఖ వాళ్లు నీళ్లతో పందెం వేసుకుని తవ్వాలి. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో వందకు పైగా చోట్ల తవ్వకాలు జరిగాయి. ముఖ్యమైన కట్టడాల్ని ఊడదీసి కొండమీదికి తీసుకొచ్చి మళ్లీ కట్టారు. కొన్నిటికి నమూనాలు చేశారు. కొన్నిటిని అవతల ఒడ్డున అనుపు దగ్గర నిలబెట్టారు. అప్పుడు కొండగా ఉన్నదే ఇప్పుడు దీవి.

మ్యూజియంలో తప్పకుండా ఆగాల్సింది ఆ లోయ నమూనా దగ్గర. ఏ విహారం ఎక్కడుండేదో, స్నానఘట్టం ఎక్కడుండేదో అన్నీ అందులో ఉంటాయి. లాంచీ వచ్చిన దారిని దానిమీద వేలితో గీసుకోండి. ఇందాక దేని మీదుగా వచ్చామో అప్పుడు తెలుస్తుంది.

ఇంకో విషయం, ముఖ్యంగా అమ్మాయిల కోసం. ఇక్ష్వాకు రాజులు చాలావరకు వైదిక యజ్ఞాలు చేసినవాళ్లు. బౌద్ధానికి ఇక్కడ పెద్ద అండగా నిలిచింది వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు. మహాచైత్యం కట్టించింది వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి. బోధిసిరి అనే ఉపాసిక అయితే రాజకుటుంబానికి చెందినది కూడా కాదు. ఆవిడ సింహళ భిక్షువుల కోసం ఇక్కడ చైత్యగృహం కట్టించింది. ఆవిడ వేయించిన శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా లాంటి పేర్లు కనిపిస్తాయి. కృష్ణ ఒడ్డున ఉన్న ఒక ఆవిడకి అంత ప్రపంచం తెలుసు.

డ్యామ్ కట్టినందుకు బాధపడాలా అంటే, అది అంత తేలిక కాదు. మా వైపు పొలాలకి వచ్చే నీళ్లు సాగర్ కుడి కాలువవే. మా కంచంలో అన్నం ముద్ద వెనక ఆ మునిగిన లోయ ఉంది. ఇళ్లూ పొలాలూ వదిలేసి వెళ్లిన లోయ జనం ఉన్నారు. దీవి మీద నిలబడితే ఈ రెండూ ఒకేసారి కళ్లముందుకొస్తాయి. పుస్తకంలో చదివితే అలా రావు.

విజయవాడ: పేరు మార్చుకున్న భవనం

బందరు రోడ్డు మీద మీరు వందసార్లు వెళ్లుంటారు. బాపు మ్యూజియం ముందు ఎన్నిసార్లు దిగారు? ఈ భవనానికి 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవం పేరు మీద శంకుస్థాపన జరిగింది. చేసింది రాబర్ట్ సూయెల్. అంతకు పదేళ్ల ముందు, 1877లో, అమరావతి స్తూపం దగ్గర తవ్వించినవాళ్లలో ఆయనా ఒకడు.

రాణి పేరు మీద కట్టిన ఆ భవనం చరిత్ర 1921లో మలుపు తిరిగింది. ఆ ఏడాది బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగాయి. పింగళి వెంకయ్య తాను తయారుచేసిన జెండాని గాంధీకి ఇచ్చింది అప్పుడే. ఎరుపు, ఆకుపచ్చ రంగులున్న ఆ జెండాకి తెలుపు కూడా చేర్చమని గాంధీ చెప్పారు. జెండా ఇచ్చింది ఈ భవనం దగ్గరేనని విజయవాడ వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. 1960ల్లో ఇది మ్యూజియం అయింది. 2020లో బాగుచేసి, బాపు పేరుతో మళ్లీ తెరిచారు. రాణి పేరు పోయి, ఆ రాణి సామ్రాజ్యాన్ని ఎదిరించినవాడి పేరు వచ్చిందన్నమాట.

లోపల నాకు బాగా ఇష్టమైంది అల్లూరులో దొరికిన బుద్ధుడు. నిలువెత్తు సున్నపురాతి విగ్రహం. పైన కప్పుకున్న వస్త్రం మడతలు చూడండి. రాతిని ఉతికి ఆరేశారా అన్నట్టుంటాయి. మొదటిసారి మ్యూజియంకి వెళ్లేవాళ్లయితే ఇక్కడే మొదలుపెట్టమంటాను. సిటీ మధ్యలో ఉంది, రెండు గంటలు చాలు.

వెళ్లే ముందు

అమరావతి, నాగార్జునకొండ మ్యూజియంలకి శుక్రవారం సెలవు. ఆదివారం అనుకుని మనం భయపడతాంగానీ సెలవు శుక్రవారమే. బాపు మ్యూజియం వేళలు బయల్దేరే రోజు ఫోన్లో చూసుకోండి.

నాగార్జునకొండకి వెళ్తే పొద్దున మొదటి లాంచీకే వెళ్లండి. సరిపడా జనం రాకపోతే లాంచీ కదలదు కాబట్టి ఫ్రెండ్స్ గ్యాంగ్‌తో వెళ్తే మేలు. మ్యూజియం టికెట్ కంటే లాంచీ టికెట్టే ఎక్కువ. ఎండాకాలంలో దీవి మీద రాళ్లు పెనంలా కాలతాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. నీళ్లసీసా, టోపీ మర్చిపోవద్దు.

ఫొటోలు తీయొచ్చో లేదో కౌంటర్‌లో అడగండి. తియ్యనిస్తే ఫ్లాష్ ఆపేయండి. శిల్పంతో పాటు పక్కనున్న పలకనీ ఫొటో తీయండి. లేకపోతే ఇంటికొచ్చాక గ్యాలరీలో ఏది ఏమిటో తెలియక, అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

చెన్నైలో చదువుకుంటున్నవాళ్లు, ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి గ్యాలరీ చూడండి. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు అమరావతి కూడా చూడండి. ఒకే స్తూపం రాళ్లు రెండు ఊళ్లలో ఎలా విడిపోయాయో మీకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

విదేశాల్లో ఉన్నవాళ్లకీ ఓ మాట. 2023లో న్యూయార్క్ మెట్ మ్యూజియంలో తొలి బౌద్ధ శిల్పాల ప్రదర్శన పెడితే, సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో దొరికిన శిల్పాలు కూడా అక్కడికెళ్లాయి. ప్రపంచం వాటిని చూడ్డానికి టికెట్ కొనుక్కుని క్యూ కట్టింది. అవి పుట్టిన జిల్లాల్లో ఉన్నవాళ్లం మనం. మనకి బస్సు చార్జీ చాలు.

ఈసారి ఇంటికి చుట్టాలొస్తే మాల్‌కి ఒకపూట తగ్గించి వీటిలో ఒకదానికి తీసుకెళ్లండి. తాతయ్య, నాయనమ్మ ఉంటే వాళ్లనీ రమ్మనండి. సాగర్ నిండకముందు ఆ లోయ ఎలా ఉండేదో వాళ్లలో ఎవరికైనా గుర్తుండొచ్చు. ఏ పలక మీదా రాయని సంగతులు వాళ్ల దగ్గరే దొరుకుతాయి.