పదిమంది బాధ్యతతో మొదలయ్యే నాయకత్వం

బెళుగుప్ప వంటి మండలాల్లోని మన సంఘాల నుంచి ఏటా కొందరు యౌవనస్థులు డిగ్రీ చదువుకు ఉరవకొండ, కళ్యాణదుర్గం, అనంతపురం వెళ్తున్నారు. వారిలో చాలామంది ఇంటికి మొదటి పట్టభద్రులు. వానను నమ్ముకొని వేరుశనగ వేసే తల్లిదండ్రులు బిడ్డకు ఒక ఉద్యోగం రావాలని ఆశపడతారు. అందులో తప్పేమీ లేదు. అయితే గ్రామసభలో లేచి అడగగలిగినవారు, లెక్క చదవగలిగినవారు, రెండు పక్షాలను కూర్చోబెట్టి మాట్లాడించగలిగినవారు కూడా ఊరికి కావాలి. ఆ పని మన బిడ్డలు ఎక్కడ నేర్చుకుంటున్నారు?

ఈ జిల్లాకు విద్యార్థి నాయకత్వం కొత్త కాదు. 1913లో ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి అనంతపురం ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో చదువుతూ 1931లో స్వాతంత్ర్యోద్యమంలో దిగారు. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, 1977లో రాష్ట్రపతి అయ్యారు. ఆయనలా చదువు మానమని మేము ఎవరికీ చెప్పడం లేదు. విద్యార్థి దశలో అలవడిన బాధ్యత ఎంత దూరం నడిపించగలదో గుర్తుచేస్తున్నాము.

నేటి పరిస్థితి వేరు. 61వ రాజ్యాంగ సవరణతో 1989 నుంచి ఓటు వయస్సు 21 నుంచి 18కి తగ్గింది. శాసనసభ్యుణ్ణి ఎన్నుకొనే విద్యార్థికి మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో తన ప్రతినిధిని ఎన్నుకొనే అవకాశం మాత్రం లేదు. అక్కడ విద్యార్థి సంఘ ఎన్నికలు ఆగిపోయి మూడు దశాబ్దాలు దాటింది. కొట్లాటలు, హత్యలు చూసిన తల్లిదండ్రులకు ఆ భయం ఇంకా ఉంది. దానిని మేము తేలికగా తీసుకోము. కానీ లింగ్డో కమిటీ అభ్యర్థి ఖర్చుకు 5,000 రూపాయల పరిమితి, 75 శాతం హాజరు వంటి నియమాలు సూచించగా, 2006లో సుప్రీంకోర్టు వాటిని అమలు చేయమన్నది. ఎన్నికలు లేనంత మాత్రాన పార్టీలు, కులాలు కళాశాలల నుంచి వెళ్లిపోలేదు. తోటివారికి జవాబు చెప్పుకొనే అలవాటు మాత్రం పోయింది.

ఎన్నికలు వచ్చేదాకా కాచుకొని కూర్చోనక్కరలేదు. 1969లో మొదలైన జాతీయ సేవా పథకంలో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఏడు రోజుల గ్రామ శిబిరం కూడా ఉంటుంది. మన రాష్ట్రంలో 2020-21లో సవరించిన డిగ్రీ పాఠ్యప్రణాళిక, మొదటి సంవత్సరం తర్వాత 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును తప్పనిసరి చేసింది. దీనిని నిరుటివారి రికార్డు చూసి రాసి, సంతకం పెట్టించుకొని ముగించవచ్చు. లేదా నలుగురు జట్టుగా ఊరిలో ఇల్లిల్లూ తిరిగి, ఏ బోరు ఎండింది, ఎవరు పనికి బెంగళూరు వెళ్లారు, ఏ వృద్ధురాలికి పింఛను రావడం లేదు అని రాసుకొని, ఆ వివరాలను పంచాయతీ ముందు పెట్టవచ్చు. జట్టులో ఒకడు రాకపోతే ఏమి చేయాలి, అధికారి కసిరితే ఏమని బదులివ్వాలి అన్నవి అక్కడే నేర్చుకుంటారు.

నిర్గమకాండము 18వ అధ్యాయంలో యిత్రో మోషేకు ఇచ్చిన సలహా మనకు తెలుసు. వేలమందిపై నియమించిన అధిపతులతో పాటు పదిమందిపై నియమించినవారు కూడా ఉన్నారు. వారందరిలో చూడమన్న గుణాలు దైవభయం, సత్యాసక్తి, లంచమంటే అసహ్యం. మాటకారితనం ఆ పట్టికలో లేదు.

మరి మన సంఘాలు ఏమి చేస్తున్నాయి? యౌవనస్థులకు మైకు సర్దే పని, కుర్చీలు వేసే పని ఇస్తున్నాము. ఆడపిల్లలకు పాట, అలంకరణ. కమిటీ గదిలోకి మాత్రం ఎవరినీ రానివ్వము. డిగ్రీలో కామర్స్ చదివే అమ్మాయి కానుకల లెక్క రాయలేదా? సెలవుల బైబిలు పాఠశాలను ఇద్దరు విద్యార్థులు ఖర్చుతో సహా నడపలేరా? పొరపాట్లు జరుగుతాయి. పెద్దలు పక్కన కూర్చొని దిద్దాలి.

కాపరులకు, పెద్దలకు మా మనవి ఇది. ఈ వేసవిలో మీ సంఘంలోని ప్రతి డిగ్రీ విద్యార్థికి, విద్యార్థినికి పదిమందికి సంబంధించిన ఒక పని అప్పగించండి. నెల తర్వాత సంఘం ఎదుట దాని లెక్క అడగండి. వారు చెప్పేది చివరిదాకా వినండి.