అమ్మిన బండిపై కంపెనీ పెత్తనము

అమెరికా దేశమున జనరల్ మోటార్సు కంపెనీవారు 2022 సంవత్సరము జూలై మాసాంతమున తమ డీలర్లకొక లేఖ వ్రాసిరి. కార్వెట్ జెడ్06, క్యాడిలాక్ ఎస్కలేడ్-వీ, హమ్మర్ విద్యుత్ బండి అను మూడు రకముల కొత్త వాహనములను కొన్నవారు పండ్రెండు మాసములు నిండకమునుపే వానిని పరులకమ్మినచో, బండితో వచ్చు వారంటీలలో కొన్ని రెండవ యజమానునికి సంక్రమింపవనియు, అట్లమ్మినవారికి ఇకముందు గిరాకీగల బండ్లను ముందుగా కేటాయించుకొను అవకాశముండదనియు దాని సారాంశము. వ్రాసినది డీలర్లకు, తగిలినది కొనుగోలుదార్లకు. బయానా చెల్లించి నెలలతరబడి వరుసలో నిలిచినవారు ఈ వార్తను ఆ నోట ఆ నోట వినవలసివచ్చెను. ఏ పూచీ పోవును, ఏది నిలుచును? ఉద్యోగమూడి బండినమ్ముకొనవలసివచ్చినవాని గతి యేమి? యజమానుడు మరణించినచో వారసులమాట యేమి? ఇట్టి ప్రశ్నలకు వదంతి సమాధానము చెప్పజాలదు గదా!

కంపెనీవారి ఫిర్యాదు నిరాధారమని మేమనము. 2021, 2022 సంవత్సరములలో చిప్పుల కొఱతచే బండ్ల తయారీ కుంటుపడెను. జెడ్06 బండి వెల లక్షా ఆఱువేల డాలర్లకు పైమాట; ఆ వెలకైనను అది దొరకుట దుర్లభమయ్యెను. వరుసలో ముందున్నవాడు బండిని కొని, చక్రములకు దుమ్మంటకమునుపే మఱొకనికి అధిక లాభమునకు అమ్ముకొనుచుండెను. నడుపవలెనను కోరికతో వేచియున్నవాడు వెనుకబడుచుండెను. అందుచేతనే ఈ నిబంధనను విన్న కారు ప్రియులలో కొందఱు సంతోషించిరి, కొందఱు మండిపడిరి. వేచియుండి విసిగినవాని సంతోషమును మేము తప్పుపట్టము. కాని దొంగ వ్యాపారినణచుటకు కంపెనీవారు చేతబట్టిన కఱ్ఱ యెవరి వీపున పడుచున్నదో విచారింపవలసియున్నది.

పూచీయనగా నేమి? కంపెనీ ప్రేమతో నిచ్చు కానుక కాదు. దాని ఖర్చు బండి వెలలోనే చేరియున్నది. మొదటి కొనుగోలుదారుడు దానినణాపైసలతో సహా చెల్లించియే యున్నాడు. సాధారణముగా జనరల్ మోటార్సువారు కార్వెట్‌కు మూడు సంవత్సరములు లేక 36,000 మైళ్లవఱకు మొత్తము బండికిని, ఐదు సంవత్సరములు లేక 60,000 మైళ్లవఱకు ఇంజను, గేరుపెట్టె మొదలగు వానికిని పూచీపడుదురు. ఆ గడువులో బండి యెన్ని చేతులు మాఱినను అదనపు రుసుము లేకుండ పూచీయు వెంటబోవును. అదియే న్యాయము. ఏలయన ఆ మాట ఇనుమును గూర్చి చెప్పినది గాని మనుష్యుని గూర్చి చెప్పినది కాదు. పోతపోయుటలో లోపమున్న భాగము రామయ్య ఇంటనున్నను విఱుగును, సోమయ్య ఇంటనున్నను విఱుగును. యజమానుడు మాఱినంతమాత్రమున కర్మాగారపు తప్పు ఒప్పగునా? పొగ కాలుష్యమును అరికట్టు భాగముల విషయమున అమెరికా శాసనమే ఈ సూత్రమునంగీకరించినది. వాయుశుద్ధి చట్టము ననుసరించి ఆ పూచీ మొదటి కొనుగోలుదారునికే కాక తరువాతి ప్రతి కొనుగోలుదారునికిని చెల్లును.

న్యాయశాస్త్రమున ఇది పాతకథ. ఒకడు తన గుఱ్ఱమును పూర్తిగా నమ్మివేసి, కొన్నవాడు దానిని మరల నమ్మరాదని షరతు పెట్టినచో ఆ షరతు చెల్లదని 1628లోనే ఇంగ్లండున సర్ ఎడ్వర్డ్ కోక్ వ్రాసెను. మన దేశమున 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము పదియవ సెక్షనులోని భావమునదియే. ఇందుకు కంపెనీ వకీలు ఏమనునో మేమూహింపగలము: “మేమమ్మవద్దనలేదే! అమ్ముకొనుడు. మా మాట మాత్రము రెండవవానికి వర్తింపదు.” ఈ వాదము చట్టరీత్యా నిలువవచ్చును. 1975లో అమెరికా ప్రభుత్వము చేసిన మాగ్నసన్-మాస్ చట్టము పూచీలను సంపూర్ణములు, పరిమితములు అని రెండు తెఱగులుగా విభజించినది. సంపూర్ణమని పేరిడినచో గడువులోపల ఎవరి చేతనున్నను నెఱవేర్పవలయును. కావుననే కార్ల కంపెనీలు ఆ పేరుజోలికి పోక, తమ కాగితములపై పరిమితమనియే ముద్రించుచున్నవి. మొదటి యజమానునికి మాత్రమే చెల్లునట్టిదైనచో ఆ సంగతిని పూచీపత్రమున స్పష్టముగా వ్రాయవలెనని మాత్రము నియమమున్నది.

అమ్మకముపై ఆంక్షలు కొత్తవి కావు. యుద్ధానంతరము 1946 మొదలు కొన్నేండ్లు కార్ల కఱవు కాలమున, అమెరికా డీలర్లు కొన్నవానిచేత నొక కాగితముపై సంతకము చేయించుకొనుచుండిరి: కొన్ని మాసములలోపల అమ్మదలచినచో ముందుగా తమకే తిరిగి ఇవ్వవలెనని. 2017లో ఫోర్డు కంపెనీ తన ఫోర్డు జీటీ బండినమ్మివేసెనని మల్లయోధుడు జాన్ సీనాపై దావా వేయగా, మఱుసటి యేట అది రాజీ అయ్యెను. 2023లో టెస్లావారు సైబర్‌ట్రక్కు కొన్నవారు ఏడాదిలోపల అమ్మినచో 50,000 డాలర్ల నష్టపరిహారమను షరతు పెట్టి, గోల పుట్టగా తీసివేసి, పిమ్మట కొందఱికి మరల పెట్టిరి. ఇవి మంచివో చెడ్డవో కాని, ఒక సుగుణము కలదు. ఒప్పుకొన్నవాడు సంతకము చేసెను, తప్పినచో వాడే అనుభవించును.

పూచీ తెగగొట్టుట అట్టిది కాదు. లాభము గడించినవాడు సొమ్ము జేబులో వేసికొని పోవును. పూచీలేని బండి తరువాతివాని ఇంటికి చేరును. అతడు తెలిసియే తక్కువకు కొనునందురా? రెండవవాడు తెలిసికొనునేమో! మూడేండ్లకు మూడవ చేతికి, నాలుగేండ్లకు నాలుగవ చేతికి పోయినప్పుడు ఎవడు చెప్పును? ఐదేండ్ల పూచీ ఇంకను మిగిలియున్నదని నమ్మి, విఱిగిన గేరుపెట్టెతో డీలరు గుమ్మమెక్కినవానికి, నీ పూచీ నీవు కొనకమునుపే చచ్చినదన్న జవాబు లభించును. ఏ కాగితముపైనను సంతకము చేయనివానికి ఈ శిక్ష! పైగా ఆ కఱవు దినములలో ముద్రిత వెలపై అదనపు సొమ్ము గుంజినవారిలో డీలర్లును ఉండిరి. 2022 ఆరంభమున కంపెనీ వారిని హెచ్చరింపకపోలేదు. ఐనను వారు పదివేలు అదనముగా తీసికొన్న బండికి పూచీ పోదు. కొన్నవాడు పదివేలకమ్మినచో పోవును. ఇదెక్కడి తూకము?

ఇదే కంపెనీ మఱొక ఉపాయమును పన్నినది. జెడ్06ను ఏడాదిపాటు ఉంచుకొన్నవారికి 5,000 డాలర్ల విలువగల 5 లక్షల బహుమతి పాయింట్లను ప్రకటించెను. అమ్మనివానికి లాభము, అమ్మినవానికి అది లేదు, తరువాతివాని జోలి అసలే లేదు. ఇంత సులువైన మార్గము చేతనుండగా పూచీని కొరడాగా వాడుట యేల?

మనకీ గొడవ యేల యనువారు మన బజారును చూడవలయును. అమెరికాలో హ్యుండాయివారి పదియేండ్ల ఇంజను పూచీ చేయిమాఱినంతనే ఐదేండ్లకు దిగుట పాతసంగతి. మన దేశమున 2024లో విడుదలయైన ఎంజీ విండ్సర్ విద్యుత్ కారు బ్యాటరీకి జీవితకాలపు పూచీ మొదటి యజమానునికే. రెండవవానికి 8 సంవత్సరములు లేక 1,60,000 కిలోమీటర్లు. దీనిని కంపెనీ బహిరంగముగానే చెప్పినది కావున నిందింపము. రెండవవానికిని కొంత మిగిల్చినది. కాని విద్యుత్ బండికి బ్యాటరీయే ప్రాణము, వెలలో పెద్దపాలు దానిదే. రేపు బెజవాడలోనో హైదరాబాదులోనో పాత బండ్ల వర్తకుడు ‘జీవితకాలపు పూచీ గలదు’ అని బేరము పెట్టినప్పుడు, ఎవరి జీవితకాలమని అడుగువారెందఱుందురు? యాజమాన్యపు మార్పునకు మనము నింపు 29, 30 నంబరు ఫారములలో ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు గలవు; పూచీ మాట లేదు.

2019 నాటి వినియోగదారుల సంరక్షణ చట్టము అన్యాయపు ఒప్పందమనగా నేమో నిర్వచించినది. కాని కోర్టుకెక్కుట నష్టము జరిగిన పిమ్మట చేయుపని. ముందుగా కావలసినది వేఱు. ఛాసిస్ నంబరు చెప్పి యడిగిన ప్రతివానికిని, ఆ బండిపై ఏ పూచీ ఎన్నాళ్లున్నదో, యజమానుడు మాఱినచో ఎంత తగ్గునో కంపెనీలు వ్రాతపూర్వకముగా తెలుపునట్లు ప్రభుత్వమువారు నిర్బంధింపవలయును. పాత బండ్ల వర్తకులు ఆ పత్రమును అమ్మకపు కాగితములతో జతపఱుపవలయును. ఆ నిబంధన వచ్చువఱకు, పాతబండి కొనదలచినవారు బయానా ఇచ్చుటకు ముందు ఛాసిస్ నంబరు వ్రాసికొని కంపెనీవారి వర్క్‌షాపునకు పోయి, పూచీ సంగతి కాగితముపై వ్రాయించుకొనవలెనని కోరుచున్నాము. నోటిమాటగా చెప్పినచో ఒప్పుకొనరాదు.