ఆరోగ్య విషయములు: మార్పిడి మూత్రపిండమును కాపాడు మాత్రలు

ఎన్.టి.ఆర్. జిల్లా ఎ. కొండూరు మండలపు తండాలలో మూత్రపిండవ్యాధి పెక్కు కుటుంబములను క్రుంగదీసినది. ఆ వ్యాధి ముదిరినవారికి అవయవపు మార్పిడి యొక శరణ్యము. మన దేశమున బ్రతికియుండి మూత్రపిండము నిచ్చువారిలో స్త్రీలే అధికులు. తల్లి బిడ్డకును, భార్య భర్తకును ఇచ్చుచున్నారు. ఇంత త్యాగముతో నిలిపిన అవయవము, "ఇప్పుడు బాగుగనే యున్నాడు గదా, ఇంకను మాత్రలేల?" అను నొక్క మాటచే చెడిపోవచ్చును. కావున ఆ మాత్రలు చేయు పని యెట్టిదో సోదరీమణులకు విన్నవింపదలచితిమి.

రక్తమునందలి తెల్లకణములు పరాయి వస్తువును గుర్తించి దానిపై దాడి చేయును. కన్నతల్లి యిచ్చిన మూత్రపిండమైనను వానికి పరాయిదే. 1954లో బోస్టను నగరమున జయప్రదమైన మొదటి మార్పిడి ఒకే పోలికగల కవలల నడుమ జరుగుటచేతనే ఆ చిక్కు రాలేదు. తక్కినవారికి టాక్రోలిమస్ వంటి మందు కావలసినదే. దీనిని 1984లో జపానుదేశపు మట్టియందలి యొక సూక్ష్మజీవినుండి కనుగొనిరి.

ప్రతి జన్యువును ఉన్నంతమాత్రమున పని జరుగదు. కణము దానిని చదివి, అందలి యాజ్ఞను నెరవేర్పవలెను. పరాయి వస్తువును చూడగనే తెల్లకణము ఇంటర్‌ల్యూకిన్-2 అను పదార్థపు జన్యువును చదువును. ఆ పదార్థమే కణములను వృద్ధిచేసి దాడికి పురికొల్పును. టాక్రోలిమస్ ఆ జన్యువును చదివించు దూతను కణకేంద్రములోనికి పోనీయదు. విజయవాడవద్ద తలుపులు దించినప్పుడు బందరు కాలువ పూడిపోదు. నీరు మాత్రము పారదు. అట్లే జన్యువు మారదు. దాని పని తగ్గును. తలుపెత్తిన నీరు వచ్చినట్లు, మాత్ర మానిన దాడి మరల మొదలగును.

మందు తక్కువైన అవయవము దక్కదు. ఎక్కువైన అంటురోగములు సోకును, క్రొత్త మూత్రపిండమునకే హాని కలుగును. అందుచేతనే వైద్యులు రక్తములో దాని పరిమాణమును కొలిపించుచుందురు. పంపరపనస పండు, ప్రేవులలో ఆ మందును విరుచు పదార్థము నణచి, మందు మితిమీరునట్లు చేయగలదు, దానిని పెట్టరాదు. వైద్యునితో చెప్పక నాటుమందులును ఇయ్యరాదు. ఈ మాత్రలతో తరచుగ నిచ్చు మైకోఫినోలేట్ గర్భస్థశిశువునకు కీడుచేయును. మార్పిడి జరిగిన సోదరి బిడ్డను గోరినచో ముందుగనే వైద్యునితో చెప్పి మందు మార్పించుకొనవలెను. తనంతట తాను మానరాదు.

ఇంట బియ్యము నిండుకొనకముందే తెప్పించు ఇల్లాండ్రు ఈ మాత్రల విషయమునను అంత మెలకువ వహింతురుగాక యని మా మనవి.