ఎనర్జీ క్యాప్సూల్స్ కొంటున్నారా? మైటోకాండ్రియాపై బ్రూస్ ఏమ్స్ అసలు ఏం చెప్పారంటే..!

కణానికి పవర్‌హౌస్ ఏది? స్కూల్లో చదువుకున్న వాళ్లెవరైనా ఠక్కున చెప్పే సమాధానం మైటోకాండ్రియా. ఇప్పుడు ఈ పేరే సప్లిమెంట్ మార్కెట్లో పెద్ద మంత్రమైపోయింది. 'మైటోకాండ్రియాను ఉత్తేజపరుస్తుంది', 'వయసును వెనక్కి తిప్పుతుంది' అంటూ క్యాప్సూల్స్ అమ్ముతున్నారు. ఈ ప్రచారం వెనకున్న సైన్స్‌లో కొంత భాగం అమెరికా బయోకెమిస్ట్ బ్రూస్ ఏమ్స్ ల్యాబ్ నుంచే వచ్చింది. కానీ ఆయన చెప్పింది ఒకటైతే, మార్కెట్ వినిపిస్తున్నది ఇంకొకటి.

ఎవరీ ఏమ్స్?

కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్క్‌లీలో ప్రొఫెసర్. ఒక రసాయనం డీఎన్ఏను దెబ్బతీస్తుందా లేదా అన్నది బ్యాక్టీరియాతో చవగ్గా తేల్చే 'ఏమ్స్ టెస్ట్' 1970ల్లో ఆయన తెచ్చిందే. 2024 అక్టోబర్‌లో 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు. జీవితం రెండో సగంలో ఆయన దృష్టంతా పోషకాహారం, వృద్ధాప్యంపైనే.

జీతం చాలని నెల లెక్క

2006లో ఆయన 'ట్రయాజ్ థియరీ' ప్రతిపాదించారు. జీతం తక్కువొచ్చిన నెలలో ఏం చేస్తాం? ముందు అద్దె, బియ్యం చూసుకుంటాం. కారుతున్న పైకప్పు రిపేర్ వాయిదా వేస్తాం. విటమిన్లు, ఖనిజాలు తగ్గినప్పుడు శరీరం చేసేదీ అదే అన్నారు ఏమ్స్. ఉన్న కాస్త పోషకాన్ని ఇవాళ బతకడానికి వాడేస్తుంది. డీఎన్ఏ మరమ్మతు లాంటి దీర్ఘకాలిక పనులు పక్కన పడతాయి. ఆ నష్టం ఏళ్ల తర్వాత క్యాన్సర్, గుండె జబ్బుల రూపంలో బయటపడొచ్చన్నది ఆయన వాదన.

పోషకాల లోపం ప్రభావం మైటోకాండ్రియాపైనా పడుతుంది. శరీరం వాడే శక్తి ఏటీపీ రూపంలో ఎక్కువగా తయారయ్యేది అక్కడే. ఏటీపీని 1929లో గుర్తించిన వారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కూడా ఉన్నారు. ఈ తయారీకి ఐరన్, బి విటమిన్లు, మెగ్నీషియం కావాలి. ఐరన్ తగ్గినా, మోతాదు మించినా ఎలుకల్లో మైటోకాండ్రియా దెబ్బతింటుందని ఏమ్స్ బృందం 2002లో చూపించింది. ఈ 'మించినా' అన్న మాటే ప్రకటనల్లో కనిపించదు.

ఎలుకలకు పనిచేసింది.. మరి మనకు?

అదే ఏడాది ఎసిటైల్ ఎల్ కార్నిటైన్, లిపోయిక్ యాసిడ్ కలిపి ముసలి ఎలుకలకు పెట్టారు. అవి చురుగ్గా తిరిగాయి, జ్ఞాపకశక్తి పరీక్షల్లోనూ మెరుగయ్యాయి. ఈ మిశ్రమాన్ని అమ్మే కంపెనీ స్థాపకుల్లో ఏమ్స్ కూడా ఒకరు, కాబట్టి ఆ కోణాన్నీ గుర్తుంచుకోవాలి. ఎలుకల్లో వచ్చిన ఫలితం మనుషులకూ వస్తుందన్న గ్యారంటీ ఏమీ లేదు. పొగతాగే వాళ్లకు బీటా కెరోటిన్ మాత్రలు ఇచ్చి చూసిన 1990ల ట్రయల్స్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. క్యాన్సర్, గుండె జబ్బులను మల్టీవిటమిన్లు ఆపుతాయని చెప్పడానికి ఆధారాలు చాలవని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ 2022లో తేల్చింది.

అసలు సమస్య మన ఇంట్లోనే

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. దీనికి ఐరన్ లోపం ప్రధాన కారణాల్లో ఒకటి. 'ఊరికే నీరసం' అని ఇంట్లో కొట్టిపారేసే మాట వెనక అదే ఉండొచ్చు. ఏమ్స్ వాదన నిజమైతే ఈ నష్టం ఇవాళ్టితో ఆగేది కాదు.

ఖరీదైన డబ్బా కంటే కంచం మారడం ముఖ్యం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం రోజువారీ క్యాలరీల్లో ధాన్యాల వాటా 45 శాతం మించకూడదు. అంటే అన్నం కాస్త తగ్గి పప్పు, ఆకుకూర, గుడ్డు పెరగాలి. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ బాగా ఒంటపడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే తగ్గుతుంది.

నీరసం వదలకపోతే ముందు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. లోపం ఉందని తేలితే డాక్టర్ రాసిన ఐరన్ మాత్ర అవసరమే. కానీ లోపం ఉందో లేదో తెలియకుండా క్యాప్సూల్స్ మింగడం మాత్రం సరైన దారి కాదు.